ఎంతమంది చేతిలో ఎన్నిక?

(సూరత్ తెలుగువారి సభలో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆయన ఫొటో నా వెనకే ఉంది. ఆయన గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. ఆయనకు ఉపోద్ఘాతాలు గిట్టేవి కావని విన్నాను, కాబట్టి దండం పెట్టి విషయంలోకి వస్తాను.

నిర్వాహకులు ఇచ్చిన అంశం అమెరికాది. అక్కడ ఎలక్టోరల్ కాలేజీని ఎత్తేసి, దేశం మొత్తం మీద ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారినే అధ్యక్షుణ్ణి చెయ్యాలా అన్నది ప్రశ్న. పిల్లల్ని డల్లాస్‌కో న్యూజెర్సీకో పంపినవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉంటారు. నాలుగేళ్ళకోసారి వాట్సాప్‌లో అమెరికా మ్యాపు ఎర్రగా, నీలంగా కనిపిస్తే, ఎక్కువ ఓట్లు వచ్చిన మనిషి ఎలా ఓడిపోయారని మీరూ తల గోక్కునే ఉంటారు. నేను అమెరికా దాకా వెళ్తాను. కానీ దారిలో ఈ ఊరూ మన తెలుగు నేతలూ తగులుతారు. వాళ్ళను పలకరించకుండా ముందుకు పోలేను.

మొదట ఈ ఊరు. 1907 డిసెంబరు 26న సూరత్‌లో కాంగ్రెస్ మహాసభ మొదలైంది. నిజానికి ఆ ఏడాది సభ నాగపూర్‌లో జరగాలి. అక్కడ తిలక్ పక్షం బలంగా ఉందని మితవాదులు సభను ఇక్కడికి మార్చారు. ఎందుకు మార్చాల్సి వచ్చిందంటే, అధ్యక్షుడి పేరు ఖాయం చెయ్యడంలో సభ జరిగే ఊరి ఆహ్వాన సంఘం మాట చెల్లేది. ఊరు మారితే ఎంపిక చేసేవాళ్ళు మారతారు. వాళ్ళు మారితే అధ్యక్షుడూ మారతాడు. అతివాదులు లాలా లజపతిరాయ్ కావాలన్నారు. ఆయన వద్దన్నారు. మితవాదులు రాస్‌బిహారీ ఘోష్‌ పేరు ముందుకు తెచ్చారు. ఆ పేరును బలపరచడానికి సురేంద్రనాథ్ బెనర్జీ లేవగానే గోల మొదలై సభ వాయిదా పడింది. మర్నాడు తిలక్ సవరణ ప్రతిపాదిస్తానంటూ వేదిక ఎక్కారు. మాట్లాడనివ్వలేదు. ఆయన దిగనూలేదు, చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డారు. అంతలో జనంలోంచి ఒక మరాఠీ చెప్పు ఎగిరొచ్చి సురేంద్రనాథ్‌కూ, ఫిరోజ్‌షా మెహతాకూ తగిలింది. ఆపైన కుర్చీలు లేచాయి, కర్రలు లేచాయి, పోలీసులొచ్చి పందిరి ఖాళీ చేయించారు. హెన్రీ నెవిన్సన్ అనే ఇంగ్లీషు విలేఖరి అక్కడే ఉండి ఇదంతా చూసి రాశాడు.

మన పాఠ్యపుస్తకాలు దీన్ని సిద్ధాంతాల తగాదాగా చెప్పి ఊరుకుంటాయి. సిద్ధాంతాల తేడా ఉన్నమాట నిజమే. కానీ నిప్పు అంటుకున్నది మాత్రం అధ్యక్షుణ్ణి ఎవరు ఎంపిక చెయ్యాలన్న దగ్గర. తమకు లెక్కలో చోటు లేదనుకున్నవాళ్ళు చెప్పు విసిరారు. విసరడం తప్పే. కానీ ఎంపిక నలుగురి చేతిలో ఉన్నప్పుడు ఐదోవాడికి మిగిలే దారేమిటన్నది నూరేళ్ళు దాటినా పాతబడని ప్రశ్న.

ఆ తరువాత కాంగ్రెస్‌లో ప్రతినిధుల ఓటు వచ్చింది. 1938లో ఇదే జిల్లాలోని హరిపురలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షత వహించారు. మరుసటి ఏడు త్రిపురి సభకు ఆయన మళ్ళీ నిలబడితే, గాంధీజీ వైపు నుంచి మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పోటీ చేశారు. ప్రతినిధుల ఓట్లలో రెండు వందల పైచిలుకు తేడాతో పట్టాభి ఓడిపోయారు. ఆ ఓటమి తనదేనన్నారు గాంధీజీ. గెలిచిన బోసు కొన్ని నెలలకే రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. ఓట్లు ఒకరికి పడ్డాయి, అధికారం ఇంకొకరి దగ్గర ఉండిపోయింది.

ఇప్పుడు రాజ్యాంగ సభకు రండి. 1948 డిసెంబరులో రాష్ట్రపతి ఎన్నిక మీద చర్చ. దేశంలోని వయోజనులందరూ నేరుగా ఓటేసి రాష్ట్రపతిని ఎన్నుకోవాలని పట్టుబట్టిన మనిషి కె.టి. షా. కచ్‌లోని మాండ్వీలో పుట్టిన గుజరాతీ, ఆర్థిక శాస్త్ర ఆచార్యుడు. రాజ్యాంగంలో ఆయన పెట్టిన సవరణల్లో చాలావరకు వీగిపోయాయి, ఇదీ వీగిపోయింది. నెహ్రూ వాదన సూటిగా ఉంది. అసలు అధికారం మంత్రివర్గానిదీ చట్టసభదీ. రాష్ట్రపతిని కోట్లమంది నేరుగా ఎన్నుకుంటే, ఆయన నాకూ జనం మద్దతు ఉంది కదా అని ప్రధానితో తలపడతాడు. పోనీ పార్లమెంటు సభ్యులే ఎన్నుకుంటే, ఆయన ఢిల్లీలో మెజారిటీ ఉన్న పార్టీ మనిషే అవుతాడు. అందుకే మధ్యేమార్గంగా రాష్ట్రాల ఎమ్మెల్యేలను కూడా కలిపారు.

ఆ కథలో నాకు నచ్చే మలుపు ఒకటుంది. 1952లో మొదటి రాష్ట్రపతి ఎన్నికలో బాబూ రాజేంద్రప్రసాద్ మీద పోటీకి దిగింది ఆ కె.టి. షాయే. ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్న మనిషి, తను వద్దన్న పద్ధతిలోనే నిలబడి ఓడిపోయారు. రాజేంద్రప్రసాద్‌కు 5,07,400 ఓట్ల విలువ, షాకు 92,827. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. ఈ పెద్దమనిషి పేరు గుజరాత్‌లోనే ఎంతమందికి గుర్తుందో నాకు అనుమానమే.

ఓట్ల విలువ అన్నాను కదా, అదేమిటో కాస్త దగ్గరగా చూద్దాం. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తారు. అది ఒక ఎమ్మెల్యే ఓటు విలువ. గుజరాత్ ఎమ్మెల్యే ఓటు విలువ 147. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. మనవైపు ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132. దేశంలోని ఎమ్మెల్యేల మొత్తం విలువ ఎంతో, ఎంపీల మొత్తం విలువా దాదాపు అంతే ఉండేలా ఎంపీ ఓటుకు ధర కడతారు. 2022లో అది 700. ఆ ఏడాది ద్రౌపది ముర్ముగారికి 6,76,803, యశ్వంత్ సిన్హాగారికి 3,80,177 వచ్చాయి. ఎంపీలకు పచ్చ బ్యాలెట్, ఎమ్మెల్యేలకు గులాబీ. ఎన్నికల సంఘం ఇచ్చే ఊదా సిరా పెన్నుతోనే రాయాలి, సొంత పెన్ను లోపలికి పోదు. ఇంత పకడ్బందీగా నడుస్తుంది.

కానీ ఆ జనాభా ఏ సంవత్సరానిది? 1971ది. ఎమర్జెన్సీలో 42వ సవరణతో ఆ లెక్కను అక్కడే ఆపేశారు. 2001లో 84వ సవరణ దాన్ని 2026 తరువాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. 1971లో సూరత్ నగరం జనాభా ఐదు లక్షల లోపు. 2011 నాటికి 44 లక్షలు దాటింది. ఆ పెరిగినవాళ్ళలో సౌరాష్ట్ర నుంచి వజ్రాల పనికి వచ్చినవాళ్ళున్నారు, ఒరిస్సా నుంచి మగ్గాల మీదికి వచ్చినవాళ్ళున్నారు, మీరూ ఉన్నారు. కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో చేనేత చితికిపోయాక రైలెక్కి ఇక్కడ దిగిన పద్మశాలి కుటుంబాలు మన ఎదుటే కూర్చున్నాయి. మరి రాష్ట్రపతి ఎన్నికలో మీ తలకాయ ఎక్కడ లెక్కకు వస్తోంది? 1971 తరువాత వచ్చిన వారైతే మీరు గానీ, మీ నాన్నగారు గానీ ఇప్పటికీ తెలంగాణ ఎమ్మెల్యే ఓటుకున్న 132లోనే ఉన్నారు. గుజరాత్ ఎమ్మెల్యే ఓటుకున్న 147లో లేరు. ఇల్లు లింబాయత్‌లో, రేషన్ కార్డు ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ, రాష్ట్రపతి లెక్కలో ఉనికి మాత్రం యాభై ఏళ్ళ కిందటి ఊళ్ళో. దీనివల్ల రాష్ట్రపతి ఎన్నిక ఫలితం తారుమారైపోతుందని నేననను. మధ్యలో ఒక మండలిని పెట్టి దానికి లెక్క గట్టడం మొదలెడితే, ఆ లెక్క మనుషుల వెంట నడవదని చూపడానికే ఇది చెప్పాను.

రాష్ట్రపతి మండలితో మన తెలుగువాళ్ళకు చుట్టరికం ఎక్కువ. రాధాకృష్ణన్‌గారు గెలిచారు. 1967లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి కోకా సుబ్బారావుగారు జాకీర్ హుస్సేన్ మీద నిలబడి ఓడిపోయారు. ఇక 1969 ఎన్నికలో అటూ ఇటూ మనవాళ్ళే. ఇటు ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి, అటు బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి.

ఆ కథలో సూరత్‌కూ పాత్ర ఉంది. 1957 నుంచి వరసగా ఐదుసార్లు సూరత్ నుంచి లోక్‌సభకు గెలిచిన మనిషి మొరార్జీ దేశాయ్. 1969 జులైలో కాంగ్రెస్ పెద్దలు ఇందిరాగాంధీకి ఇష్టం లేకుండా సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఖాయం చేశారు. రోజుల వ్యవధిలో ఆమె మొరార్జీ దగ్గర్నుంచి ఆర్థిక శాఖ లాగేసుకుని, బ్యాంకులను జాతీయం చేశారు. ఆపైన పార్టీ సభ్యులను అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమన్నారు. ఆగస్టు 16న పోలింగ్, 20న ఫలితం. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548. ఎవరికీ సగం దాటలేదు. పోటీలో ఉన్న సి.డి. దేశ్‌ముఖ్ తదితరుల రెండో ప్రాధాన్య ఓట్లు పంచాక గిరి 4,20,077, రెడ్డి 4,05,427. పద్నాలుగు వేల పైచిలుకు తేడా అంటే, ఎంపీలూ ఎమ్మెల్యేలూ కలిపి పదులలో మనుషులు అటు నుంచి ఇటు మారితే చాలు. అంతరాత్మ ఎవరికి ఎంత ప్రబోధించిందో గానీ, కాంగ్రెస్ ఆ ఏడాదే రెండుగా చీలింది.

ఎనిమిదేళ్ళకు కాలం తిరగబడింది. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోతే, జనతా పార్టీ తరఫున నంద్యాలలో ఒక్క సంజీవరెడ్డే గెలిచారు. సూరత్ ఎంపీ ప్రధానమంత్రి అయ్యారు. సంజీవరెడ్డి ముందు స్పీకరై, జులైలో రాష్ట్రపతి అయ్యారు, అదీ పోటీ లేకుండా. ఆ ఎన్నికకు 37 మంది నామినేషన్లు వేశారు. పరిశీలనలో 36 చెల్లవన్నారు. మిగిలింది ఒక్కటే. 1974లో చట్టం మార్చి పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవాళ్ళు ఉండాలని పెట్టడం ఇందులో కొంత కారణం. ఇప్పుడది యాభై, యాభై. ఉబుసుపోక నామినేషన్ వేసేవాళ్ళను ఆపాలన్నది ఉద్దేశం, అది సమంజసమే. ఓటు దాకా పోకుండా, గుమ్మం దగ్గరే ఎన్నిక ముగిసిపోయే వీలు కూడా దాంతోపాటే వచ్చింది. ఈ గుమ్మం సంగతి కాసేపాగి మళ్ళీ చెప్తాను.

సంజీవరెడ్డి రాష్ట్రపతై రెండేళ్ళు తిరక్కుండానే, 1979 జులైలో మొరార్జీ రాజీనామా చేశారు. సంజీవరెడ్డి చరణ్ సింగ్‌ను పిలిచారు, ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు. జగ్జీవన్ రామ్‌ను పిలవలేదన్న విమర్శ ఆయన మీద చివరిదాకా ఉంది. రాష్ట్రపతి ఉత్సవ విగ్రహమేనన్న నెహ్రూ వాదన అలాంటి వారాల్లో సడలుతుంది. అయినా, ఆ కొద్ది వారాల కోసం దాదాపు వంద కోట్లమంది ఓటర్లతో ఇంకో ఎన్నిక పెట్టి, ప్రధానికి పోటీగా ఒక మనిషిని నిలపడం నాకు సమ్మతం కాదు. మన రాష్ట్రపతి విషయంలో నేను షా పక్షం కాదు, నెహ్రూ పక్షమే. పాలించే కుర్చీ వేరు, సంతకం పెట్టే కుర్చీ వేరు.

పాలించే కుర్చీ అనగానే మన ఊళ్ళ మండలం గుర్తొస్తుంది. ఎన్టీ రామారావుగారు సమితులు తీసేసి మండలాలు పెట్టాక, 1987లో మండలాధ్యక్షుణ్ణీ జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణీ జనమే నేరుగా ఎన్నుకున్నారు. మీలో అరవై దాటినవారికి ఆ బ్యాలెట్ గుర్తుండాలి. 1994 చట్టం వచ్చాక ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు ఎంపీటీసీలు కూర్చుని చేతులెత్తి ఎంపీపీని ఎన్నుకుంటారు, జడ్పీటీసీలు జడ్పీ చైర్మన్‌ను ఎన్నుకుంటారు. మునిసిపాలిటీల్లోనూ అంతే. 2002లో హైదరాబాద్ మేయర్‌గా తీగల కృష్ణారెడ్డి నగర ఓటర్ల ఓట్లతో నేరుగా గెలిచారు. ఆ తరువాత అక్కడా కార్పొరేటర్లే మేయర్‌ను ఎన్నుకుంటున్నారు.

అంటే మన మండలాఫీసులోనే ఒక చిన్న ఎలక్టోరల్ కాలేజీ ఉంది. అది ఎలా నడుస్తుందో మీకు చెప్పాలా? ఫలితాలొచ్చిన రాత్రే ఊళ్ళో ఒక బస్సు ఆగుతుంది. గెలిచిన ఎంపీటీసీలను ఎక్కించుకుని వెళ్తుంది. దీనికి క్యాంపు అని పేరు. గోవా కావచ్చు, ఊటీ కావచ్చు, హైదరాబాద్ శివార్ల రిసార్టు కావచ్చు. ఫోన్లు వాళ్ళ దగ్గర ఉండవు. ఆడ ఎంపీటీసీ అయితే వెంట భర్త, కొన్నిసార్లు భర్త ఒక్కడే. ఎన్నిక రోజు పొద్దున అదే బస్సు నేరుగా మండలాఫీసు గేటు ముందు ఆగుతుంది. దిగుతారు, చేతులెత్తుతారు, సంతకాలు పెడతారు. సాయంత్రానికి ఎంపీపీ గారికి దండలు. పదిహేను మంది ఎంపీటీసీలున్న మండలంలో ఎనిమిది మందిని పట్టుకుంటే చాలు. నలభై వేల ఓటర్లను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. నేరుగా జరిగే సర్పంచి ఎన్నికలో డబ్బు పారదా అంటే పారుతుంది, ఏరులై పారుతుంది. కానీ అక్కడ డబ్బు పంచాలంటే ఇంటింటికీ తిరగాలి, తీసుకున్నవాడు ఓటేస్తాడన్న పూచీ లేదు. క్యాంపులో ఆ పూచీ కూడా దొరుకుతుంది. మండలాధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకుంటే ఆయనకూ సభ్యులకూ పొసగక పనులు ఆగుతాయన్న వాదన ఉంది. ఆగుతాయి కూడా. అయినా ఊరి నీళ్ళు, రోడ్డు, పింఛను చూసే మనిషిని ఊళ్ళవాళ్ళే ఎన్నుకోవాలని నా అభిప్రాయం.

ఇక్కణ్ణుంచి అమెరికా దూరమేమీ కాదు. అక్కడ 538 మంది ఎలక్టర్లు, గెలుపుకు 270. ప్రతి రాష్ట్రానికీ సెనేటర్లు ఇద్దరు, దిగువ సభ సభ్యులు ఎందరో కలిపి అంతమంది ఎలక్టర్లు. మెయిన్, నెబ్రాస్కా తప్ప 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లంతా ఆ అభ్యర్థికే. 2000లో అల్ గోర్‌కు దేశం మొత్తం మీద ఐదు లక్షలకు పైగా ఎక్కువ ఓట్లొచ్చాయి. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా, సుప్రీంకోర్టులో ఐదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపు, జార్జ్ బుష్ అధ్యక్షుడయ్యారు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఎక్కువొచ్చినా ట్రంప్ గెలిచారు. 1824, 1876, 1888లోనూ ఇలాంటివే జరిగాయి. 2024లో మాత్రం ట్రంప్‌కే జనం ఓట్లూ ఎక్కువ, ఎలక్టర్లూ ఎక్కువ. 

1787లో అమెరికా రాజ్యాంగం రాస్తున్నప్పుడు జేమ్స్ విల్సన్ అనే ఆయన అధ్యక్షుణ్ణి జనమే ఎన్నుకోవాలన్నారు. జేమ్స్ మాడిసన్ కూడా జనం ఎన్నికే మేలని ఒప్పుకుంటూ, దక్షిణాది రాష్ట్రాలకు అది గిట్టుబాటు కాదన్నారు. అక్కడ జనాభాలో పెద్ద వంతు బానిసలు, వాళ్ళకు ఓటు లేదు. అందుకని బానిసను ఐదింట మూడు వంతుల మనిషిగా లెక్కగట్టి సీట్లిచ్చారు, ఆ సీట్లను బట్టి ఎలక్టర్లనిచ్చారు. ఓటు లేని మనుషుల తలలతో యజమానుల ఓటుకు బరువు పెంచారు. ఆ లెక్క ఎప్పుడో పోయింది. యంత్రం మిగిలింది.

ఇప్పుడు వయోమింగ్‌లో దాదాపు రెండు లక్షల మందికి ఒక ఎలక్టర్. కాలిఫోర్నియాలో ఏడు లక్షలకు పైగా జనానికి ఒకడు. అయితే అసలు అన్యాయం అక్కడ కూడా లేదని నా అనుమానం. మీ అబ్బాయి ఉన్న టెక్సస్‌లో 40 మంది ఎలక్టర్లు. కానీ ఆ రాష్ట్రం దశాబ్దాలుగా ఒకవైపే మొగ్గుతోంది, అభ్యర్థులకు అక్కడ ప్రచారం చెయ్యాల్సిన పని లేదు. మీ అమ్మాయి ఉన్న న్యూజెర్సీ రెండోవైపు అంతే. పక్కనున్న పెన్సిల్వేనియాలో 19 మందే అయినా అభ్యర్థులు అక్కడే తిష్ఠ వేస్తారు. 2020లో జార్జియా 11,779 ఓట్లతో అటు నుంచి ఇటు మారింది, అట్లాంటా తెలుగువాళ్ళకు ఒక్కసారిగా విలువ పెరిగింది. అదే ఇంటిపేరువాళ్ళు డల్లాస్‌లో ఎన్ని వేలమంది ఓటేసినా చూసేవాడు లేడు. ఓటు ఉంది, వేస్తున్నారు, లెక్కపెడుతున్నారు కూడా. ఫలితంతో మాత్రం దానికి సంబంధం తెగిపోయింది.

దీన్ని మార్చే ప్రయత్నం ఒకసారి గట్టు దాకా వచ్చింది. మన గిరిగారు గెలిచిన నెలకే, 1969 సెప్టెంబరులో, అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోవాలనే రాజ్యాంగ సవరణను అమెరికా దిగువ సభ 338–70 ఓట్లతో ఆమోదించింది. మరుసటి ఏడాది సెనేట్‌లో దక్షిణాది సభ్యులు చర్చ ముగియనివ్వకుండా దాన్ని చంపేశారు. ఇప్పుడు కొన్ని రాష్ట్రాలు వేరే దారి పట్టాయి. మా ఎలక్టర్లను దేశం మొత్తం మీద గెలిచినవారికే ఇస్తామని ఒడంబడిక చేసుకుంటున్నాయి. 270 చేరాకే అది అమలవుతుంది. 2024 నాటికి 209 చేరింది.

మీలో ఒకాయన ఇందాక టీ దగ్గర నన్ను పట్టుకుని అడిగారు: దక్షిణాదివాళ్ళం మనమే జనాభా లెక్కన లోక్‌సభ సీట్లు పంచితే ఒప్పుకోమంటున్నాం కదా, అమెరికావాళ్ళకు మాత్రం తలకొక ఓటు న్యాయమని ఎలా చెప్తామని. చాలా మంచి ప్రశ్న, ఈ ప్రశ్నను తప్పించుకున్నవాడి మాట నమ్మకండి. నా జవాబు ఇది. లోక్‌సభ సీట్లు రాష్ట్రాలు కూర్చుని బేరమాడుకునే బల్ల. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రానికి ఆ బల్ల దగ్గర కుర్చీ తగ్గిస్తే అది శిక్షే. పైగా మనకు అన్ని రాష్ట్రాలకూ సమానంగా ఇద్దరేసి సెనేటర్లున్న సభ లేదు. మన రాజ్యసభ కూడా జనాభా లెక్కనే నడుస్తుంది. అమెరికాలో చిన్న రాష్ట్రాలను కాపాడటానికి సెనేట్ ఉంది, అది చాలు. అధ్యక్షుడు ఒక్కడే. ఆయన్ను పంచుకోవడానికి లేదు. దేశమంతా ఒక నియోజకవర్గమైన చోట డల్లాస్ ఓటుకూ అట్లాంటా ఓటుకూ తేడా ఉండకూడదు. కాబట్టి నిర్వాహకులు అడిగిన ప్రశ్నకు నా జవాబు: అవును, ఆ కాలేజీని ఎత్తెయ్యాలి. అమెరికా అధ్యక్షుడిది సంతకం పెట్టే కుర్చీ కాదు, అణ్వాయుధాల మీటలున్న కుర్చీ.

ఇంతటితో ఆపొచ్చు. కానీ గుమ్మం సంగతి చెప్తానన్నాను. నేరుగా ఓటు అన్నంత మాత్రాన ఎన్నిక జనం చేతిలో ఉన్నట్టు కాదని ఈ ఊరు దేశానికి చూపించింది.

2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణీ. ఆయన్ను ప్రతిపాదించిన ముగ్గురూ, పత్రాల మీద సంతకాలు తమవి కావని అఫిడవిట్లిచ్చారు. వాళ్ళు ఆయనకు దగ్గరివాళ్ళేనని పత్రికలు రాశాయి. ఏప్రిల్ 21న రిటర్నింగ్ అధికారి నామినేషన్ తిరస్కరించారు. ప్రత్యామ్నాయ అభ్యర్థిదీ అంతే. 22న బీఎస్పీ అభ్యర్థితో సహా మిగిలిన ఎనిమిది మందీ విరమించుకున్నారు. బీజేపీకి చెందిన ముకేశ్ దలాల్ పోటీ లేకుండా ఎన్నికైనట్టు ఆ రోజే ప్రకటించారు. కుంభాణీని కాంగ్రెస్ ఆరేళ్ళపాటు సస్పెండ్ చేసింది. ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో తేల్చడం నా పని కాదు. ఇక్కడ బీజేపీ 2019లో ఐదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచింది, ఎన్నిక జరిగినా బహుశా వాళ్ళే గెలిచేవాళ్ళు. కానీ పదిహేడు లక్షల ఓటర్లున్న స్థానాన్ని, ముగ్గురి అఫిడవిట్లూ ఎనిమిది మంది ఉపసంహరణ కాగితాలూ కలిసి తేల్చేశాయి. మన మండలాల క్యాంపు బస్సుకూ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదు.

మే 7న గుజరాత్‌లో పోలింగ్ జరిగింది. ఈ నగరం ఒకటే అయినా లోక్‌సభ స్థానాలు ఒకటి కంటే ఎక్కువ. లింబాయత్, ఉధ్నా, మజూరా, చోర్యాసీ ప్రాంతాలు నవసారి లోక్‌సభ కిందికి వస్తాయి. అక్కడివాళ్ళు వరసలో నిలబడి ఓటేశారు. వరాఛా, కతార్‌గామ్‌లలో ఉన్నవాళ్ళు ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు. ఒకే కార్ఖానాలో ఒకే షిఫ్టులో పనిచేసే ఇద్దరిలో ఒకడి వేలికి సిరా ఉంది, ఇంకొకడి వేలికి లేదు. కారణం వాళ్ళు అద్దెకుండే వీధి.

ఏకగ్రీవం అంటే మనకు గౌరవం. గుజరాత్‌లో సమరస్ పేరిట, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏకగ్రీవ పంచాయతీలకు ప్రభుత్వాలు నజరానాలిస్తున్నాయి. ఊరంతా రచ్చబండ దగ్గర కూర్చుని ఒకరిని ఒప్పుకుంటే నాకూ సంతోషమే. కానీ సర్పంచి పదవిని గుళ్ళో వేలం వేసి, పాడుకున్నవాణ్ణి ఏకగ్రీవం చేసిన ఊళ్ళ గురించి మీరూ పేపర్లో చదివే ఉంటారు. ఏకగ్రీవం అన్న మాట వెనక ఎవరి నోళ్ళు మూయించారో బయటికి కనపడదు.

సూరత్‌లో జరిగినదానికి చట్టంలో కారణమైన చోటు చిన్నదే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ రెండో ఉపవిభాగం: అభ్యర్థులు ఎందరో సీట్లూ అన్నే అయితే అధికారి వెంటనే గెలిచినట్టు ప్రకటించాలి. అది రాసినప్పుడు నోటా లేదు. 2013లో సుప్రీంకోర్టు నోటా పెట్టమన్నాక, ఓటరుకు ఎవరూ వద్దనే హక్కు వచ్చింది. ఒక్క అభ్యర్థే మిగిలితే ఆ హక్కు వాడుకునే రోజే రాదు. మహారాష్ట్ర, హరియాణా రాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లోనే స్థానిక ఎన్నికల్లో నోటాను ఒక అభ్యర్థితో సమానంగా లెక్కించి, దానికే ఎక్కువ ఓట్లొస్తే మళ్ళీ ఎన్నిక పెట్టాలని ఉత్తర్వులిచ్చాయి. లోక్‌సభకూ అసెంబ్లీకీ అదే చెయ్యొచ్చు. ఒక్కడే నిలబడినా పోలింగు జరగాలి, ఆ ఒక్కడూ నోటా మీద గెలవాలి. ఖర్చవుతుందంటారు. అవుతుంది. వజ్రాలు సానబట్టే ఊళ్ళో ఖర్చుకు వెనకాడమని చెప్పడం బాగుండదు.

ఇక మీ పని. వలస వచ్చిన ఓటరు ఉన్నచోటి నుంచే సొంతూరి ఓటు వేసేందుకు రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనాను ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది, 2023 జనవరిలో పార్టీలకు చూపించబోయింది, అక్కడితో ఆగింది. అది వచ్చేదాకా మీకున్న దారి ఒకటే. సిరిసిల్లలోనో జనగామలోనో పేరు ఉంచుకుని, ఐదేళ్ళకోసారి బస్సు పెడితేనే పోయి ఓటేసేవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు, నాకు తెలుసు. ఇక్కడ స్థిరపడ్డవారైతే ఇక్కడే ఓటు రాయించుకోండి. పాత ఊళ్ళో పేరు ఉన్నవాళ్ళు నివాసం మారినట్టు ఫారం 8 ఇవ్వాలి. పద్దెనిమిది నిండిన పిల్లలకు ఫారం 6. తరువాతి నగరపాలిక ఎన్నికలో ఓటు అడగటానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, 53వ సెక్షన్ మార్చమని మీ పార్టీ అడుగుతుందా అని ఈ వేదిక మీదికి పిలిచి అడగండి. గుజరాతీలోనే అడగండి, వాళ్ళకు అర్థమవ్వాలి కదా.